కిలోమీటరుకు ఒక కట్ట

పిట్టా, మనిద్దరి పేర్లు రాయించి పెట్టినవు గదా, నేనొక్కదాన్నే పోయొచ్చిన.

చదివేటోళ్లకు తెల్వాలె గనుక చెప్తున్న. పిట్ట నా బిడ్డ. పోయినేడాది కెరమెరి దిక్కు గుట్టలల్ల ఇరవై అయిదు కిలోమీటర్ల పరుగుకు పోయింది. పొద్దున ఆరింటికి మొదలైతది, ఒంటిగంట లోపట తిరిగి రావాలె. పదహారో కిలోమీటరు కాడ, ఘాట్ మీద, పదిన్నరకు తాడు కడుతరు. తర్వాత వచ్చినోళ్లను జీపుల దించుతరు. పిట్ట ఉత్త కడుపుతోని ముందుగాల మస్తు ఉరికింది, గుట్ట ఎక్కంగ కాళ్లు పట్టేసినయ్. పన్నెండు నిమిషాలు ఆలస్యమైంది. ఇంటికొచ్చి, నేను బీడీలు చుడుతుంటె ఫోన్ల టైము చూసింది. ఇరవై అయిదు బీడీల కట్టకు నాకు పావుగంట. "అవ్వా, వచ్చే ఏడు నువ్వే నా గడియారం. కిలోమీటరుకు ఒక కట్ట, గంతే" అన్నది. ఇద్దరి పేర్లు రాయించింది. వానకాలంల కామెర్లొచ్చి పిట్ట పానం పోయింది.

కరీంనగర్ల పొద్దున ఎనిమిదింటికి బస్సెక్కిన. మంచిర్యాల్ల మారి ఆసిఫాబాద్‌ల దిగేటాళ్లకు ఒంటిగంట దాటింది. ఆధార్ చూపిస్తె ఆడోళ్లకు టికెట్ పైసలుండయ్. అక్కడికెళ్లి కెరమెరికి షేర్ ఆటో, యాభై రూపాయలు. పండుకోను పరుగు పెట్టినోళ్లు బడిల జాగ ఇచ్చిన్రు.

తెల్లారి అయిదింటికే బస్టాండు కాడ హోటలు తెరిచి ఉన్నది. రొట్టెలు కాల్చే ఆమె నా చీరెను, బూట్లను చూసి నవ్వింది.

"గీ బూట్లతోని యాడికక్కా, పెండ్లికా?"

"పరుగుకు. జొన్నరొట్టె, పప్పు కట్టియ్యి, ఇద్దరికి."

"ఇంకొకరేరి?"

నేను పైసలు తీసి లెక్కవెట్టిన. ఆమె మల్ల అడగలే, ఇద్దరికే కట్టింది. అప్పుడు తినకుంట మూట కొంగుల కట్టుకున్న.

ఆరింటికి అందరు ఒక్కసారి ఉరికిన్రు. పది నిమిషాలల్ల నా ముందల ఎవ్వరు లేరు. టేకు చెట్లు, ఎర్రమట్టి బాట, నా బూట్ల చప్పుడు. వేళ్లతోని గాలిల బీడీలు చుట్టుకుంట నడిచిన. నా ఎనక ఒక్కాయన, ఆఖరు మనిషి ఎనక నడిచే పని ఆయనది.

"అమ్మా, చేతులేంది గట్ల ఆడిస్తున్నవ్?"

"కిలోమీటర్లు చుడుతున్న సార్."

"అయితె నాకో కట్ట పక్కకు పెట్టు."

పన్నెండో కిలోమీటరు కాడ, ఘాట్ మొదట్ల, నీళ్లు, అరటిపండ్లు పెట్టిన్రు. నా లెక్కకు అప్పటికే పద్నాలుగు కట్టలయినయ్. ఆగకుంట ఎక్కబోయిన.

"ఏం తినవా అమ్మా?"

"రెండు కట్టలు ఎనకవడ్డ సార్, తాడు కడుతరు."

ఆయన గడియారం చూపెట్టిండు. సరిగ్గ తొమ్మిది. నేను ఎనకవడనే లేదు. అప్పుడు సమజయింది. చేతుల ఆకు లేదు, తంబాకు లేదు, దారం లేదు. ఉత్త చెయ్యి జల్దీ తిరుగుతది.

కూసున్న. నా రొట్టె తిన్న. ఇంకోదాన్ని జర సేపు చూసిన. నువ్వు ఆగనికాడ ఆగి, నీ పాలుది గూడ తిన్న పిట్టా.

ఘాట్ మలుపులల్ల చేతులు కట్టుకున్న, ఆయననే టైము అడుక్కుంట ఎక్కిన. పైన ఇద్దరు తాడు పట్టుకొని నిలవడ్డరు. "జల్దీ రా అమ్మా!" అని ఒర్రిన్రు. పది ఇరవై మూడుకు దాటిన. కిందికొచ్చేటాళ్లకు ఒంటిగంటకు పన్నెండు నిమిషాలు తక్కువ.

అక్కడ అందరికి ఎవరో ఒకరు ఫోటో తీస్తున్నరు. నేను గోడ పక్కన కూసొని బూట్లిప్పుకున్న. తాడు దాటితె నువ్వు అవుతల ఉంటవన్నట్టే నడిచిన, లేవు. కని నువ్వు చూడని తొమ్మిది కిలోమీటర్లు నేను చూసిన బిడ్డా. అక్కడొక వాగున్నది. మోకాళ్ల దాక నీళ్లు, మస్తు సల్లగ.

పోయెటోళ్లకు ఒక్కటే చెప్త. చేతికి గడియారం పెట్టుకోండ్రి, ఘాట్ కింద పది నిమిషాలు కూసొని తినుండ్రి, అంతల తాడు కట్టరు. పరుగుకు పోకున్నా సరే, కడుపు నిండ తినుండ్రి.