స్టీలు గిన్నెలో కరిగిపోయిన పూలు

మా అన్నయ్య ఫైబర్ బోటు భావనపాడు మొగలో, ఏరు సముద్రంలో కలిసేచోట, చాలాకాలం నీళ్లలోనే ఉండిపోయింది. దాన్ని ఒడ్డుకి లాగి అడుగు గోకుతున్నారంటే చూద్దామని వెళ్లాను. బోటు కట్టిన పాత తాడు మీద అరచేతి వెడల్పున ఏదో జిగురుగా, ఊదారంగులో పట్టుకుని ఉంది. దాని నిండా నారింజరంగు పూలు, ఒక్కోటీ మినపగింజంత. పాకుడు, గోకి పారేస్తామన్నాడు అన్నయ్య. చెయ్యి వేస్తే ఊరుకోనని వాడి మీద ఇంతెత్తున లేచాను. ఆ తాడు ముక్క కోయించి, వదిన పెరుగు తోడుపెట్టుకునే స్టీలు గిన్నెలో ఉప్పునీళ్లు పోసి ఇంటికి తెచ్చాను.

నేను విజయనగరంలో జువాలజీ పాఠాలు చెప్తాను. ఆ నెలలో సెలవు పెట్టి వచ్చింది మాత్రం వదిన కోసం. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. వదినకి తల్లి లేదు, అందుకని పురుడు మా ఇంట్లోనే. మా మేనకోడలు అప్పటికి తొమ్మిదో నెల కడుపులో ఉంది. ఆ బిడ్డ క్షేమంగా బయటపడాలని అమ్మ గంగమ్మకి మొక్కుకుని నీసు మానేసింది. పొద్దున లేస్తే చేపల మధ్య బతికే మనిషి చారన్నం తిని లేచిపోయేది. ఆ మొక్కు సంగతి అందరికీ తెలుసు. అంతే అనుకున్నాం.

గిన్నె గుమ్మం దగ్గర పెట్టి, ఫోను లైటు వేసి, నా చేతి లెన్సులోంచి చూశాను. ఇన్నేళ్లూ సీసాలో మందునీళ్లలో తెల్లబడిపోయిన ‘సీ స్క్విర్ట్’ని, నొక్కితే నీళ్లు చిమ్మే సముద్రజీవిని, చూపించి పాఠం చెప్పినదాన్ని. అది ఒంటరిగా బతికే రకం. ఇలా గుంపుగా బతికే రకాన్ని, ప్రాణంతో, మా సొంత బోటు తాడు మీద చూస్తానని కలలో కూడా అనుకోలేదు. పువ్వు అనుకున్నది పువ్వు కాదు. ఒక్కో రేకూ ఒక్కో జంతువు. దేని నోరు దానిదే, నీళ్లు పీల్చుకోవడం ఎవరికి వారే. వాడిన నీళ్లు మాత్రం అందరూ నడిమధ్యనున్న ఒకే కన్నంలోంచి బయటికి వదులుతారు. అందరికీ కలిపి కప్పుకున్న తోలు ఒకటే, అందరిలోనూ తిరిగే నెత్తురూ ఒకటే.

అమ్మనీ వదిననీ పిలిచి చూపించాను. వీటి పిల్ల పుట్టినప్పుడు తోకకప్పలా ఈదుతుందని, దాని తోకలో కడ్డీలాంటిది ఒకటి ఉంటుందని, మన వెన్నెముక కథ కూడా అలాంటి కడ్డీతోనే మొదలవుతుందని చెప్పాను. ఆ పిల్ల ఎక్కడో ఒకచోట అతుక్కున్నాక ఆ తోకా కడ్డీ పోతాయి, ఇక కదలదు. అయినా ఆ ఒక్క కడ్డీ వల్ల వీటిని రొయ్యలతోనూ పీతలతోనూ కాక మన వర్గంలోనే కలిపారు. వదిన లెన్సు అందుకుని వంగి చూసింది. అయితే రొయ్య కన్నా ఇదే మనకి దగ్గర సుట్టమా అని అమ్మ అడిగింది. అవునన్నాను. ఇన్నాళ్లూ సుట్టాల్ని గోకి పారేత్తన్నామా అని నవ్వింది. నేను వచ్చాక అమ్మ నవ్వడం అదే మొదలు.

ఇక ఆ గిన్నె అమ్మదైపోయింది. రోజూ తనే మొగకి వెళ్లి చెంబుతో మంచి ఉప్పునీళ్లు తెచ్చి మార్చేది. దాని గుండె కాసేపు ఇటు కొట్టుకుని, ఆగి, మళ్లీ అటు కొట్టుకుంటుందని చెప్తే తన గుండె మీద చెయ్యి వేసుకుంది. నేను పట్టించుకోలేదు. ఆ చెంబు తెచ్చేటప్పుడు రెండుచోట్ల ఆగి గోడ పట్టుకునేది. మొహం ఉబ్బినట్టుండేది. తిండి మానేస్తే కళ్లు తిరక్క ఏమవుతాయని తిట్టిపోశాను. బీపీ మాత్రలు వేసుకుంటున్నావా అంటే, ఏసుకుంతన్నానంది. నమ్మాను.

ఒక పొద్దున్న లేచేసరికి గిన్నెలో పూలు లేవు. రేకులన్నీ నోళ్లు మూసేసుకుని, ముడుచుకుపోయి, బూడిదరంగు చుక్కలైపోయాయి. ఒక్కటి కూడా మిగల్లేదు. ఓలమ్మ, అంది అమ్మ. నిండు చూలాలున్న ఇంట్లో ఇదేం అపశకునమని గిన్నె మీద పళ్లెం బోర్లించేసింది. వదిన చూడకూడదట. నీళ్లు పాడయ్యాయి, నేనే చంపేశాననుకున్నాను.

లెన్సు పెట్టి చూస్తే అప్పుడర్థమైంది. మా పాఠంలో లేకపోయినా ఎప్పుడో చదివిన సంగతే. ప్రతి జీవీ పక్కనే మొగ్గలాంటి పిల్లని మోస్తూ ఉంటుంది. ఆ మొగ్గలు ఎదిగేసరికి పెద్దవన్నీ ఒకేసారి నోరు మూసుకుంటాయి. వాటి ఒళ్లు కరిగి, అందరికీ ఉమ్మడిగా ఉన్న నెత్తురులో కలిసి పిల్లలకి తిండైపోతుంది. ఇదంతా అమ్మకి క్లాసులో చెప్పినంత ఉత్సాహంగా చెప్పాను. రేపు చూడు, కొత్త పూలు లేస్తాయన్నాను. అన్నట్టుగానే మర్నాడు సాయంత్రానికి అదే తోలులో, అదే చోట చిన్నచిన్న పూలు నోళ్లు తెరిచాయి. వదిన సంబరపడిపోయి అన్నయ్యని పిలవడానికి వెళ్లింది. చెప్పానా లేదా అన్నట్టు అమ్మ వైపు తిరిగాను.

అమ్మ పూల కేసి చూడటం లేదు. నన్ను చూస్తోంది.

"అదే గదే నాను గంగమ్మ తల్లికి సెప్పుకున్నాది. ముసల్దాన్ని, నన్ను తీసుకెల్లిపో, కడుపులో ఉన్న గుంటని నిలబెట్టు అని. నువ్వు సదువుకున్నదానివి, నీ నోటంట ఇన్నాక నాకు దైర్నం వొచ్చీసింది."

ఏం చేశావమ్మా అన్నాను. ఏటీ సెయ్యలేదు అంది. కళ్లు తిరగడం, ఉబ్బిన మొహం, గోడ పట్టుకోవడం, అన్నీ ఒక్కసారి నా కళ్లముందు కదిలాయి. వంటింట్లోకి పరిగెత్తాను. చింతపండు డబ్బా అడుగున, అన్నయ్య టెక్కలి నుంచి తెచ్చిన మాత్రలు ఎలా తెచ్చినవి అలాగే ఉన్నాయి. ఒక్కటి కూడా విప్పలేదు. నీసు ఒక్కటే మానేసిందనుకున్నాం. మా కళ్లెదుటే, ఇంత మంది మధ్య, రోజుకింత చొప్పున ఆవిడ చచ్చిపోతోంది. పైగా అది సృష్టి ధర్మమేనని నేనే పాఠం చెప్పాను.

మాత్రలు తెచ్చి ముందు పడేస్తే, మొక్కులో మందులుంటాయేటి, అంది. అరిచి లాభం లేదు. నేనెంత అరిచినా తల వంచుకుని కూర్చుంటుంది, అంతే. దేవత మీద నమ్మకానికి నా చదువు కూడా తోడైపోయింది. నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఆ గిన్నె విసిరి గోడకి కొట్టాలనిపించింది. తప్పు జవాబు రాసిన పిల్లల్ని నిలబెట్టి కడిగేసేదాన్ని. అలాంటి నా నోటికి అప్పుడు ఏ పుస్తకంలోనూ లేని మాట వచ్చింది.

"నిన్న నీకు సగమే చెప్పానమ్మా. ఈ చిన్నవి వారం కన్నా బతకవు. పెద్దవి కరిగిపోయాయి కదా, ఇంక వీటిని సాకే దిక్కు లేదు."

వారం అన్నది నిజం. మిగతాదంతా అబద్ధం.

అమ్మ గిన్నెలోకి వంగింది. ఒక పువ్వు మీద నీటిలోనే వేలు ఆనించింది. అది చప్పున ముడుచుకుని, మళ్లీ మెల్లగా తెరుచుకుంది.

"అయితే ముసల్ది ఉండాలా?" అంది.

ఉండాలన్నాను. చెయ్యి చాపింది. మాత్ర విప్పి అరచేతిలో పెట్టాను. మింగి, నోరు తెరిచి మరీ చూపించింది, చిన్నపిల్లలా. వెంటనే ఆటో పిలిచి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం.

మర్నాడు చీకటి పడకముందే గిన్నె తీసుకుని మొగకి వెళ్లాను. ఇంకో వారం ఇంట్లో ఉంచితే ఇవీ కరిగిపోతాయి, వీటి చోట మళ్లీ పూలు లేస్తాయి. అది అమ్మ చూడకూడదు. తాడు ముక్కని నీళ్లలో వదిలేముందు ఆఖరిసారి లెన్సు పెట్టాను. నిన్న పుట్టిన ఆ చిన్నవాటి పక్కన, అప్పుడే మొగ్గలు.