నా పేరు మీద ఆవిడ రాసిన డ్రోన్ పరీక్ష

సాయంత్రం ఐదున్నర రైలుకి విశాఖపట్నంలో బయలుదేరాం, నేనూ నా భార్య సత్యవతీ. పొద్దున్న సికింద్రాబాదులో దిగి, మధ్యాహ్నం విమానం ఎక్కి గ్రీసు వెళ్లాలి. డ్రోను బ్యాటరీలు పెద్ద పెట్టెలో వేయనివ్వరు కాబట్టి ఆ సంచీ నా ఒళ్లోనే ఉంది. ఎదురు బెర్తు పెద్దాయన అదేమిటని అడగ్గానే, యూరప్ లైసెన్సున్న పైలట్‌నని చెప్పాను. సత్యవతి కిటికీ వైపు తిరిగి పులిహోర పొట్లం విప్పింది.

ఆవిడ ఆనందపురం దగ్గర హైస్కూల్లో లెక్కల టీచరు. వాళ్ల నాన్న సర్వే శాఖలో కొలత గొలుసు లాగిన మనిషి. పొలాల హద్దుల్ని కాగితం మీద చూస్తూ పెరిగింది, పైనుంచి ఒక్కసారి చూడాలని కోరిక. గ్రీసు ద్వీపాల్లో కొండల్ని మెట్లుగా చెక్కి, రాతిగోడలు కట్టిన పొలాలున్నాయని చదివింది. వాటిని తీసి పదో తరగతి పిల్లలకి చూపించాలి. ఈ ప్రయాణం అందుకే.

డ్రోను మాత్రం నేను కొన్నాను. చిన్నది చాలంది ఆవిడ. ఇరవై ఏళ్లుగా పోర్టులో క్రేను నడిపేవాణ్ణి, పిడికెడు వస్తువు పట్టుకుని తిరగడమేమిటని కిలోకి కాస్త తక్కువ తూగేది తెచ్చాను. బరువుతోపాటు నిబంధనలూ పెరుగుతాయని తెలుసుకోలేదు. మా ఊళ్లో నేవీ ఉంది కాబట్టి ఇష్టం వచ్చినట్టు ఎగరేయడం కుదరదు. ఒక శిక్షణ కేంద్రం మైదానంలో ఇద్దరం రెండు రోజులు నేర్చుకున్నాం.

మన శిక్షణ కాగితం గ్రీసులో చెల్లదు. వాళ్ల వెబ్‌సైటులో యజమానిగా నమోదై, ఇచ్చిన నంబరు డ్రోనుకి అంటించాలి. ఎగరేసేవాళ్లు పాఠాలు చదివి పరీక్ష రాయాలి. నలభై ప్రశ్నలకి ముప్పై సరిగ్గా చెబితే ప్యాసు. ఇంట్లో కూర్చునే రాయొచ్చు.

ఇంట్లోనే అనేసరికి నాకు పోర్టు అలవాటు గుర్తొచ్చింది. మా డిపార్టుమెంటు పరీక్షలకి ఒకడు చదువుతాడు, పదిమంది ప్యాసవుతారు. మా షిఫ్టు అప్పలనాయుడు విషయం వినగానే తేల్చేశాడు.

"నీకెందుకు బావ ఈ గోల? మా సెల్లి లెక్కల టీచరు గదేటి. నీ పేరు మీద ఆవిడే రాసెత్తాది."

నేను బతిమాలలేదు కూడా. నైట్ డ్యూటీలని, కళ్లు మంటలని చెప్పి ల్యాప్‌టాప్ ఆవిడ ముందు పెట్టాను. వారం రోజులు చదివి, నా పేరు మీద రాసింది. ముప్పై ఎనిమిది వచ్చాయి. గోపాలపట్నంలో మా వీధి మొదట్లో స్నేహితులు ఫ్లెక్సీ కట్టారు: అంతర్జాతీయ డ్రోన్ పైలట్‌కు శుభాకాంక్షలు. నల్లకళ్లద్దాలతో నేను, వెనక ఒక జెట్ విమానం. సత్యవతి బస్సు దిగి, ఆ ఫ్లెక్సీ కింద నిలబడి చదివి, ఇంట్లోకొచ్చి బియ్యం కడిగింది.

హైదరాబాదు విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లకి డ్రోను చూపించి, ఇది ఇక్కణ్ణుంచే తీసుకెళ్తున్నామని కాగితం రాయించుకున్నాం. లేకపోతే తిరిగొచ్చేటప్పుడు దిగుమతి అంటారు. ఈ సలహా కూడా ఆవిడదే.

మర్నాడు ఏథెన్స్‌లో పడుకుని, ఆ తర్వాతి రోజు ఉదయం ఏడున్నర ఓడ ఎక్కి పదకొండుకి ద్వీపం చేరాం. రొట్టె, జున్ను, టమాటాలు తిన్నాం. మూడింటికి ఊరి చివర ఇళ్ల పక్కన నేను రిమోటు తీశాను. ఇక్కడ వద్దేమో అంది సత్యవతి. డ్రోను ఇంకా నేల మీదుండగానే ఒక పోలీసాయన వచ్చి, మర్యాదగా కాగితాలు అడిగాడు. ఫోన్లో సర్టిఫికెట్టు చూపించాను. చూసి, ఈ బరువుకి ఇళ్లనుంచి ఎంత దూరం ఉండాలని ఇంగ్లీషులో అడిగాడు.

ఐదు మీటర్లన్నాను. మొహం చూసి పదిహేను చేశాను.

"నూట యాభై," అంది సత్యవతి. ఎంత ఎత్తు దాటకూడదని ఆయన నన్నే అడిగాడు. నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ తెలుగులో, గొంతు పెంచకుండా అంది:

"ఇప్పుడు కూడా నేనే చెప్పాలాండీ?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. అది పట్టుబడితే డ్రోను పోతుంది, దాంతో ఆవిడ చూడాలనుకున్న పొలాలూ పోతాయి. పరీక్ష నేను రాయలేదని, మా ఆవిడ రాసిందని చెప్పేశాను. ఆయన నమ్మలేనట్టు మరోసారి చెప్పించుకున్నాడు. ఒక పరీక్ష ప్యాసయ్యే మనిషి ఇంట్లో ఉంటే, ఆమెనే పైలట్ చేయకుండా ఇంత తిప్పలెందుకని అడిగాడు. సర్టిఫికెట్టు రద్దుకి పంపుతానని సంతకం పెట్టించుకున్నాడు. ఆమె తన పేరుతో ప్యాసైతే ఎగరేయొచ్చని, నేను రిమోటు ముట్టకూడదని చెప్పాడు.

ఆ సాయంత్రమే లాడ్జి గదిలో సత్యవతి రాసింది. ముప్పై తొమ్మిది.

మర్నాడు ఉదయం ఎనిమిదికి, ఇళ్లకి దూరంగా కొండవాలు మీద ఆవిడ ఎగరేసింది. నాది పరిశీలకుడి ఉద్యోగం. ఆవిడ తెర చూస్తుంటే నేను ఆకాశం చూస్తూ, ఏదైనా అడ్డొస్తే చెప్పాలి. ఒకసారి గద్ద అన్నాను, కిందికి దించింది. అంతే నా పాత్ర. తెరలో రాతిగోడలు వంకర గీతల్లా ఒకదాని కింద ఒకటి పరుచుకున్నాయి. ఆవిడ నోటితో ఏవో కొలతలు లెక్కపెట్టుకుంటోంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మొహం నేను చూడలేదు. చూడలేదంటే, అటు చూడలేదు.

తిరుగు రైల్లో అనకాపల్లి దాటాక, స్టీల్‌ప్లాంట్‌లో పనిచేసే ఒకాయన మా సంచీ చూసి వివరాలన్నీ అడిగాడు. ఆయనా డ్రోను పట్టుకుని జర్మనీ వెళ్తున్నాడట.

"ఆ పరీక్ష రాసిపెట్టేవోలు ఎవులైనా ఉన్నారేటి బావ?"

లేరన్నాను. పైలట్ ఆవిడేనని సత్యవతిని చూపించాను. నేను కూడా ఏథెన్స్‌లో, విమానానికి నాలుగ్గంటల టైముంటే, కూర్చుని రాశానని, నలభైకి ఇరవై ఆరే వచ్చాయని చెప్పాను. పాపం అన్నట్టు చూసి ఆయన పేపరు తెరిచాడు.

దువ్వాడ వచ్చింది. సత్యవతి ఫోన్లో మూడో పాఠం తెరిచి నా చేతిలో పెట్టింది. ఇరవై ఆరంటే పరీక్ష తప్పినట్టే. కానీ నా సర్వీసులో పక్కవాడి కాగితం చూడకుండా తెచ్చుకున్న మార్కులు అవి మాత్రమే.