కొండకు అడ్డంగా తాతయ్య

నా చిన్నప్పుడు మా అంగట్లో చీర కొనేవాళ్లెవరూ లోపలి ట్యూబ్‌లైటును నమ్మేవాళ్లు కాదు. చీరను గడప దాకా లాక్కెళ్లి, ఎండలో తిప్పి చూసి, పెదవి విరిచి, అప్పుడు బేరం మొదలుపెట్టేవాళ్లు. బి.కొత్తకోటలో బట్టల వ్యాపారమంటే సగం వెలుతురు వ్యాపారమే. ఏ రంగును ఏ పూట చూపించాలో మా తాతయ్యకు తెలిసినట్టు మరెవరికీ తెలియదు.

ఒక ఎండాకాలం కుప్పం నుంచి ఒక బొమ్మలాయన వచ్చాడు. మా అరుగు మీద కూర్చుంటే తూర్పున హార్స్‌లీ కొండ కనబడేది. సాయంత్రపు ఎండలో ఆ కొండ రంగులు మారుతుంటే గీయడమే ఆయన పని. ఒక మధ్యాహ్నం, గీసిన పటం ఒకటి తెచ్చి తాతయ్యను కొనమన్నాడు. అది అమ్ముడుపోతే ఇంకో నెల ఉండి గీసుకుంటాడట. లేకపోతే మర్నాడే బస్సెక్కాలట. బేరంలో అలాంటి మాట బయటపెట్టకూడదని పిల్లవాణ్ణి, నాకే తెలుసు.

తాతయ్య పటాన్ని గడపలోకి తెచ్చి, మండుటెండలో బూడిద రంగుగా ఉన్న కొండతో పోల్చి చూశాడు. "ఈ ఎర్రకొండ యాడుండాదప్పా? మీ కుప్పంలోనా?" అంగడంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేనే.

"సాయంత్రం దాకా ఉండు సామీ, నువ్వే సూస్తావు."

"కూర్చో. అరుగుకు బాడుగేం లేదు."

పొద్దు వాలింది. కొండ తేనె రంగుకు తిరిగి, ఆ తర్వాత అచ్చం పటంలోని ఎరుపయింది. బొమ్మలాయన బేరం సంగతే మర్చిపోయి, కొత్త కాగితం తీసి గీయసాగాడు. అప్పుడు లేచాడు మా తాతయ్య. ఆ ఎరుపు ఎంతసేపుంటుందో ఆయనకు తెలుసు కదా. సరిగ్గా బొమ్మలాయనకూ కొండకూ మధ్య నిలబడి, పంచె సర్దుకుంటూ తీరిగ్గా ధర మాట ఎత్తాడు.

"జరుగు సామీ, రంగు పోతాండాది."

"పోనీలేప్పా. మన లెక్క తేలనీ."

ఆయన అటు వంగితే తాతయ్య అటు, ఇటు వంగితే ఇటు. చివరికి ఆ మనిషి, "ఏదో ఒకటియ్యి, పక్కకు జరుగు" అన్నాడు ఏడుపు గొంతుతో. తాతయ్య ఇచ్చింది బస్సుకు సరిపోయింది. తాతయ్య జరిగేసరికి కొండ నల్లబడిపోయింది.

అంగడి మూస్తూ తాతయ్య నాతో అన్నాడు: "ఎదుటోడికి ఏది జారిపోతాండాదో సూడరా. పోయి దాని ముందర నిలబడు."

ఆ ఒక్క పాఠంతోనే నేను మదనపల్లెలో అంగడి పెట్టి బాగుపడ్డాను. పటం నా గల్లా వెనకే ఉంది. ట్యూబ్‌లైటు కింద అది వట్టి ఇటుక రంగు. ఒక్క సాయంత్రమైనా గడపలోకి తెచ్చి చూద్దామనుకుంటూనే ఉంటాను. సరిగ్గా ఆ వేళకే ఎవడో ఒకడు బేరానికి వచ్చి నాకు అడ్డంగా నిలబడతాడు.