వెనక కోర్టు ఎవరిది

పెళ్ళయిన రెండో నెలలోనే మావారు నన్ను నెట్ దగ్గర నిలబెట్టారు.

"నువ్వు ముందుండు. నెట్ మీదకి వచ్చినవి చూసుకో చాలు. నీ తల దాటిందల్లా నాది," అన్నారు.

విజయవాడలో మా రైల్వే క్వార్టర్లను ఆనుకుని ఒక షటిల్ హాలు ఉండేది. సిమెంటు నేల, రేకుల కప్పు, ఆ కప్పు కింద పావురాలు. ఆయన రైల్వేలో గుమాస్తా కాబట్టి పొద్దున్న ఐదున్నర నుంచి ఏడింటిదాకా మమ్మల్ని ఆడుకోనిచ్చేవారు. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ని. తొమ్మిదింటి డ్యూటీకి ముందు గంటన్నర ఆట, ఆ తర్వాత వంట, క్యారేజీలు. తొంభైల మొదట్లో మా సంసారం అలా మొదలైంది.

ఆటకి నేను కొత్తదాన్నేం కాదు. మాది హనుమాన్ జంక్షన్ దగ్గర పల్లె. గుడివాడలో డిగ్రీ చదివే రోజుల్లో బాల్ బ్యాడ్మింటన్ ఆడాను. ఉన్నిబంతితో, జట్టుకి ఐదుగురు చొప్పున మట్టి కోర్టు మీద ఆడే ఆట అది. ఆ ఐదుగురిలో నాది వెనక లైను. తల మీదుగా వెళ్ళే బంతిని వెనక్కి పరిగెత్తి అందుకోవడం నా పని, నాకు అదే ఇష్టం కూడా. ఈ సంగతంతా మావారికి తెలుసు. తెలిసే నన్ను ముందుంచారు.

ఆయన మాటలో అర్థం లేకపోలేదు. మిక్స్‌డ్ డబుల్స్‌లో మామూలుగా ఆడమనిషి ముందు, మగమనిషి వెనక నిలబడతారు. వెనకున్నవాళ్ళు గట్టిగా కొడితే అవతలివాళ్ళు ఎలాగోలా ఎత్తుతారు. అలా తేలిగ్గా తిరిగొచ్చినదాన్ని ముందున్నవాళ్ళు నేలకి కొట్టెయ్యాలి. నాకు మణికట్టు వాటం ఉంది. రెండేళ్ళు తిరిగేసరికి నెట్ దగ్గర నన్ను దాటించడం కష్టమని పేరొచ్చింది. "మంచి జోడీ అండీ మీది," అనేవారు అందరూ. షటిల్ తల మీదుగా వెళ్ళినప్పుడు మాత్రం నా కాళ్ళు వాటంతటవే వెనక్కి లేచేవి. వెంటనే వెనక నుంచి ఆయన కేక వినపడేది. "వదిలెయ్! వదిలెయ్!" నేను ఆగిపోయేదాన్ని. అలా ఐదేళ్ళు వదిలేశాను.

ఆ ఐదో ఏడు రైల్వేలోనే ఒకావిడ గుంతకల్లు నుంచి బదిలీ మీద వచ్చింది. స్టేషన్ దగ్గర బుకింగ్ ఆఫీసులో ఉద్యోగం. కాథలిక్కులు. వాళ్ళమ్మతో కలిసి గుణదలలో అద్దెకి దిగింది. వయసు నాకంటే ఒకటి రెండేళ్ళు తక్కువే ఉంటుంది. పెళ్ళి కాలేదు. మావారిని "అన్నయ్యగారూ" అనీ, నన్ను "వదినగారూ" అనీ పిలిచేది. ఆదివారాలు మధ్యాహ్నందాకా ఆడుకోనిచ్చేవారు కాబట్టి, చర్చిలో పూజ అయ్యాక చీర మార్చుకుని, ట్రాక్ ప్యాంటులో హాలుకి వచ్చేది. మొదటి రోజే నాకు తనని చూస్తే ముచ్చటేసింది. అబద్ధం చెప్పను, ఆ ముచ్చట రెండు వారాలే ఉంది.

రైల్వే ఉద్యోగుల పోటీలు వచ్చాయి. ఉద్యోగులు మాత్రమే ఆడాలి. నేను టెలిఫోన్సు మనిషిని కాబట్టి మావారికి జోడీగా ఆవిడ పేరు రాశారు. అందులో తప్పు పట్టడానికేం లేదు. ఫైనల్స్ రోజు ఎక్స్ఛేంజిలో పర్మిషన్ పెట్టి నేనే చూడ్డానికి వెళ్ళాను. గోడవారగా వేసిన బల్ల మీద కూర్చున్నాను.

మొదటి గేములోనే అవతలి జట్టు షటిల్‌ని ఆవిడ తల మీదుగా వెనక మూలకి ఎత్తింది. "వదిలెయ్," అని నాకు తెలియకుండానే నా నోట్లోంచి వచ్చింది. ఆయన అనలేదు. ఆవిడ మూడంగల్లో వెనక్కి వెళ్ళిపోయింది. ఆవిడ కదిలిన క్షణానే ఆయన పక్కనుంచి ముందుకొచ్చారు. తిరగలి తిరిగినట్టు ఒకరి చోటులోకి ఒకరు మారిపోయారు. ఆవిడ వెనక నుంచి మెత్తగా నెట్ అవతలికి జార్చింది. వాళ్ళు దాన్ని కష్టం మీద ఎత్తారు. అది పడే చోట మావారున్నారు. నేను ఐదేళ్ళు నిలబడ్డ చోట. చిన్నగా తట్టారు, పాయింటు వచ్చింది.

ఆట మొత్తం అలాగే సాగింది. కొట్టేటప్పుడు ముందూ వెనకా, కాచుకునేటప్పుడు పక్కపక్కన, మళ్ళీ ముందూ వెనకా. ఎవరు ఎక్కడ ఉండాలో ఆడమనిషా మగమనిషా అన్నదాన్ని బట్టి కాక, ఎవరికి దగ్గరన్నదాన్ని బట్టి తేలుతోంది. అంతకన్నా నన్ను కోసేసిన సంగతి ఒకటుంది. మావారు నోరు తెరవలేదు. నాతో ఆడితే నిమిషానికోసారి అరిచే మనిషి, ఆవిడతో గంటసేపు ఒక్క మాట లేకుండా ఆడారు. వాళ్ళిద్దరి మధ్యా ఇంకేదో ఉందని నాకు అనుమానం రాలేదు. వచ్చినా బాగుండేది, పోట్లాడటానికి ఓ కారణం ఉండేది. ఆ మౌనం చూసి కుళ్ళుకున్నానంటే ఎవరికి చెప్పుకోను?

వాళ్ళే గెలిచారు. ఇంటికొచ్చాక అన్నం వడ్డిస్తూ అడిగాను.

"ఆవిడ వెనక్కి వెళ్ళినప్పుడు మీరెందుకు ఊరుకున్నారు?"

"ఆటలో అలా వచ్చింది."

"నాకెప్పుడూ అలా రాలేదేం?"

"నీకు అలవాటు లేదుగా," అన్నారు, పెరుగు కలుపుకుంటూ.

గుడివాడ కోర్టులో నా వెనక లైను సంగతి గొంతుదాకా వచ్చింది. చెప్పలేదు. చెప్పాల్సి రావడమే నాకు అవమానంగా తోచింది.

గెలిచినవాళ్ళు సికింద్రాబాదులో జరిగే పెద్ద పోటీలకి వెళ్ళాలి. ఇద్దరి ఆఫీసులూ వేరు వేరు చోట్ల కావడంతో ప్రాక్టీసు కబుర్లు ఫోన్లో నడిచేవి. నా ఉద్యోగం పుణ్యమా అని మా ఇంట్లో ఫోనుండేది. ఒకరోజు ఆయన బజారుకి వెళ్ళినప్పుడు ఆవిడ ఫోన్ చేసింది.

"వదినగారూ, రేపు సాయంత్రం హాలు మనకే ఇస్తామన్నారండీ. ఆరింటికి వచ్చెయ్యమని అన్నయ్యగారితో చెప్తారా?"

"అలాగేనండీ," అన్నాను.

చెప్పలేదు. పగలంతా ఊళ్ళోవాళ్ళ ఫోన్లు ఒకరి నుంచి ఒకరికి కలపడం నా ఉద్యోగం. ఆ ఒక్క కబురూ కలపలేదు. మర్నాడు ఆరింటికి ఆయన ఇంట్లో టీవీ ముందు కూర్చున్నారు. నేను వంటింట్లో గడియారం చూస్తూ పప్పు మెదిపాను. తర్వాత రోజు హాలు వాచ్‌మన్ మావారితో అన్నాడట, "మేడంగారు నిన్న గంటసేపు ఒక్కరే గోడకేసి కొట్టుకుంటా ఉన్నారు సార్," అని.

"ఫోనేమైనా వచ్చిందా?" అని ఆయన అడిగారు.

"లేదే," అన్నాను.

ఆయన వెళ్ళి ఆవిడకి ఏం సర్దిచెప్పుకున్నారో నాకు తెలియదు. సికింద్రాబాదులో మొదటి రౌండులోనే ఓడిపోయి వచ్చారు. ఆ రోజు నేను గుత్తివంకాయ కూర చేశాను. ఆయనకి ఇష్టమని చేశానని అప్పుడు అనుకున్నాను.

ఆ శీతాకాలంలోనే క్వార్టర్లలో కుటుంబాల టోర్నమెంటు పెట్టారు. మా జోడీ ఎప్పటిలాగే ఆడింది. సెమీఫైనల్లో నాకు మొండితనం వచ్చింది. తల మీదుగా షటిల్ లేచింది. ఈసారి ఆగకూడదనుకుని వెనక్కి తిరిగాను. "వదిలెయ్!" అన్నారాయన. వినిపించుకోలేదు. ఆయన తన చోటునుంచి కదలకుండా షటిల్‌ని కొట్టబోయి బ్యాటు ఊపారు. అది నా కనుబొమ్మ మీద తగిలింది. రక్తం కంట్లోకి కారింది.

"నీకేమన్నా పిచ్చా? నీ చోటులో నువ్వుండలేవా?" అని అందరిముందూ అరిచారు. తర్వాత కంగారుపడి చేతిరుమాలు తీశారు. నేను అందుకోలేదు.

చేతులు కడుక్కునే కుళాయి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఆట చూడ్డానికి వచ్చి కూర్చున్న ఆవిడ నా వెనకే వచ్చింది. బయట సోడా బండి దగ్గర అడిగి తెచ్చిన ఐసుముక్కని గుడ్డలో చుట్టి నా కనుబొమ్మ మీద అదిమింది.

"కుట్లు అక్కర్లేదు వదినగారూ, పైపైనే తెగింది."

ఆ పరిస్థితిలోనూ నాకు అడగాలనిపించింది. "మీకైతే వెనక ఇచ్చారు. నాకెందుకివ్వరు?"

ఆవిడ ఆశ్చర్యపోయింది. "ఇవ్వడం ఏంటండీ? నాకూ ఇవ్వలేదు. మొదటిరోజు నన్ను కూడా అలాగే కేకలేశారు. నేను వినపడనట్టు వెళ్ళిపోయా. అలా నాలుగైదుసార్లు వెళ్ళేసరికి ముందు ఖాళీగా కనపడి, ఆయనే వచ్చారు."

"నేనూ వెళ్ళాగా."

"మీరు ఆయన్ని చూస్తూ వెళ్ళారండీ. వెళ్ళనా అని అడుగుతున్నట్టు. సగంలో తటపటాయించారు, ఆయనేమో మీరు ఆగుతారనుకున్నారు. షటిల్‌నే చూస్తూ ముందే కదలాలి. నెట్‌కి వీపు తిప్పేశారంటే ఆయనకి అర్థమైపోద్ది."

ఐసు కరిగి నీళ్ళు నా చెంప మీదుగా కారాయి.

"ఆ రోజు మీరు ఫోన్ చేశారు, నేను ఆయనకి చెప్పలేదు. మర్చిపోయి కాదు," అన్నాను.

"తెలుసండీ," అంది. గుడ్డ మడత మార్చి మళ్ళీ పెట్టింది. "అన్నయ్యగారితో మాత్రం ఫోన్ చెయ్యడం నేనే మర్చిపోయానని చెప్పా."

ఆ మాటకి నాకు సిగ్గేసింది. దానితోపాటే, ఈ మంచితనంలో కూడా నన్ను మించిపోయిందే అని మళ్ళీ కుళ్ళూ పుట్టింది. మనసు అంత నీచంగా ఉంటుందని ఆ కుళాయి దగ్గరే నాకు తెలిసింది.

గాయం మానాక ఆవిడ చెప్పినట్టే చేశాను. షటిల్ లేవగానే నెట్‌కి వీపు తిప్పి వెళ్ళిపోయేదాన్ని. ఆయన కేకలేసేవారు. ఖాళీగా ఉన్న ముందు భాగంలో అవతలివాళ్ళు షటిల్ వదిలేవారు, మేము ఓడిపోయేవాళ్ళం. ఇంటికొచ్చాక మాటలుండేవి కావు. ఆవిడకి నాలుగైదుసార్లలో అయిన పని నాకు దాదాపు ఏడాది పట్టింది. ఒక పొద్దున్న నేను వెనక మూలలో ఎగిరి కొట్టి చూసేసరికి ఆయన నెట్ దగ్గరున్నారు. ఎప్పుడు వచ్చారో తెలియదు. పాయింటు తీసి, వెనక్కి తిరిగి నావైపు చూసి, "మణికట్టులోనే అనుకున్నా, భుజంలో కూడా బలముందే నీకు," అన్నారు. ఆ పూట క్యారేజీలు కట్టడం ఆలస్యమై ఇద్దరం ఆఫీసుల్లో చీవాట్లు తిన్నాం.

తర్వాత రెండేళ్ళకి ఆవిడకి గుంటూరు బదిలీ అయింది. వెళ్ళేముందు మా ఇంటికి భోజనానికి పిలిచాను. మనస్ఫూర్తిగానే పిలిచాను. రైలెక్కాక ఊపిరి పీల్చుకున్న మాటా నిజమే.

రెండువేల సంవత్సరం దాటాక, గుంటూరులో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు, అక్కడ ఇన్‌డోర్ స్టేడియంలో పెద్దవాళ్ళ పోటీలు జరుగుతున్నాయని తెలిసి ఇద్దరం వెళ్ళాం. కోర్టులో ఆవిడే. కాస్త ఒళ్ళు చేసింది. పక్కన ఎవరో పొడగరి మగమనిషి. షటిల్ వెనక్కి లేచింది, ఆవిడ వెళ్ళింది, అతను ముందుకొచ్చాడు. అదే తిరగడం, అదే మౌనం. ఆవిడ ఎవరితోనైనా అలాగే ఆడుతుందని నాకు అప్పుడు బోధపడింది. మావారు ఆవిడకే ఇచ్చారనుకుని ఇన్నేళ్ళు నేను కుళ్ళుకున్నది అసలు ఆయన ఇచ్చిందే కాదు.

ఆ మాట చెబుదామని ఆయన వైపు తిరిగాను. ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కోర్టునే చూస్తున్నారు.

"వాడు మరీ నెట్ మీద పడిపోతున్నాడు. ఆవిడకి అలా ఉంటే నచ్చదు," అన్నారు.

ఆ గొంతులోని కుళ్ళు నాకు బాగా తెలుసు. అద్దంలో నన్ను నేను చూసుకున్నట్టుంది. నవ్వు రావాలి నిజానికి. రాలేదు. ఆవిడకి ఏది నచ్చుతుందో ఏది నచ్చదో ఆయనకింకా గుర్తుందని, అందుకు మళ్ళీ నాకు మండింది.

గేము అయ్యేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం. ఆవిడ మమ్మల్ని చూసి చెయ్యి ఊపింది. ఇద్దరం ఒకేసారి చెయ్యెత్తాం.