నల్లవాగుపల్లె మీదుగా

సోమవారం నుంచి నేను మల్కాజిగిరిలో ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర నిలబడాలి. నీలం చొక్కా, నల్ల ప్యాంటు కుట్టించి ఇచ్చారు. మెడలో వేసుకునే తాడుతో సహా ఊదే సీటీ కూడా ఇచ్చారు. అవి మా ఇంట్లో తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్నాయి. అటు వెళ్లినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. పదిహేడేళ్లు సైన్యంలో మ్యాపులు గీసినవాణ్ని. మంచులో, ఇసుకలో సర్వే మిషన్ మోసుకుని తిరిగి, కొండల ఎత్తులు లెక్కకట్టినవాణ్ని. బయటికొచ్చాక ఎక్కడికి పోయినా ఒకటే మాట: "ఫౌజీవా? అయితే గేటు చూస్కో." ఫౌజీకి గేటు తప్ప ఇంకేమీ తెలియనట్టు!

అప్పుడు మల్లేశం ఫోన్ చేశాడు. సైన్యంలో నాతోపాటు ఇదే పని చేసి, నాకంటే ముందు బయటపడ్డవాడు. గోదావరిఖనిలో బొగ్గు మీది మట్టి తీసే ఒక కాంట్రాక్టర్ దగ్గర సర్వేయరుగా కుదిరాడు.

"ఇంకో సర్వేయర్ కావాలట అన్నా. శుక్రవారం పన్నెండు లోపల సైటు ఆఫీసుకు రా, ఇన్‌చార్జి పరీక్ష పెడ్తడు. బండి దిగినంక ఫోన్ చెయ్యి, జీపు పంపిస్త" అన్నాడు.

"జీపెందుకురా? నాకు తొవ్వ జెప్పేటోడు ఇంకా పుట్టలే" అన్నాను.

ఊరికే అనలేదు. గురువారం సాయంత్రమే ఆ ప్రాంతపు పాత మ్యాపు షీటు సంపాదించి, వాగులూ బాటలూ బట్టీపట్టాను. షీటు అచ్చయి చాలా ఏళ్లయిందని చూశాను, పట్టించుకోలేదు.

పొద్దున టిఫిన్ పెడుతూ మా ఆవిడ సుజాత తేల్చి చెప్పింది. "ఇదే ఆఖరు. గిది గాకపోతే సోమవారం ఆ అంగీ తొడుక్కో. ఎన్ని దినాలని గిట్ల కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతవ్?"

సికింద్రాబాద్‌లో కాగజ్‌నగర్ వైపు వెళ్లే ఉదయం బండి ఎక్కాను. అటు వెళ్లాలనుకునేవాళ్లకు జనరల్ టికెట్ చాలు, కాజీపేట దాకా నిలబడే ఓపిక ఉంటే. తెలంగాణ రాష్ట్రం ఇంకా రాలేదు. ఏ రోజు బంద్ పడుతుందో, ఏ స్టేషన్లో బండి ఆపుతారో తెలియదు. ఆ రోజు మాత్రం దారి పొడవునా గోడల మీద జై తెలంగాణ రాతలే కనబడ్డాయి, ఆపినవాళ్లు లేరు. నాకు సీటు దొరికినా కూర్చోబుద్ధి కాలేదు. భువనగిరి గుట్ట, ఆలేరు, జనగామ అన్నీ తలుపు దగ్గర నిలబడే చూశాను. ప్రతి మెరకనూ కళ్లతో కొలవడం, ఆ వెంటనే ఎవరి కోసం కొలుస్తున్నానని నన్ను నేనే తిట్టుకోవడం.

కాజీపేటలో సగం బోగీ దిగిపోయింది. ఇడ్లీ పొట్లం కొనుక్కుని కూర్చున్నాను. ఎదురుగా అరవై దాటిన ఒక అవ్వ, పేరు రాజవ్వ. హైదరాబాదులో బిడ్డ కాన్పు చూసుకుని ఇంటికి పోతోంది. భర్త బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడట. నా ఇడ్లీ వైపు జాలిగా చూసి, డబ్బాలోంచి సర్వపిండి ముక్క తీసి చేతిలో పెట్టింది.

"యాడికి బిడ్డా?"

"ఖనికి అవ్వా. కొలువు కోసం. నేను నక్షలు గీస్త."

"అట్లనా! మరి మా నల్లవాగుపల్లె ఎరుకేనా?"

నాకు ప్రాణం లేచొచ్చింది. షీటులో ఉంది ఆ ఊరు. వాగు వంపు తిరిగే చోట ఇళ్ల గుర్తులు, నడుమ బండ్లబాట. ఆ బాట దాటితే సైటు ఆఫీసు ఉన్న చోటే వస్తుంది. "ఎందుకెరుక లేదు? ఆ ఊరి మీదికెళ్లే నడిచి పోత" అన్నాను.

రాజవ్వ నమలడం ఆపింది. "ఊరు యాడిది బిడ్డా? బొగ్గు కోసం కంపెనోళ్లు తీస్కున్నరు. మమ్ముల తెచ్చి కాలనీల వడేసిండ్రు."

"ఊరు లేకుంటె ఏమాయె అవ్వా, తొవ్వ ఉంటది గద!"

నేను సరిహద్దులో ఖాళీ చేయించిన ఊళ్లు చూసినవాణ్ని. మనుషులు పోతారు, కప్పులు కూలుతాయి, బాట మాత్రం గడ్డిలోనైనా ఉంటుంది. ఎన్నోసార్లు అలాంటి బాట పట్టుకునే నడిచాను. రాజవ్వ డబ్బా మూత పెడుతూ, "సదువుకున్నోనివి, నీకే ఎరుక" అంది. పెద్దపల్లి దాటాక మళ్లీ తనే కదిలించింది.

"ఒక్క పని జేసి పెడ్తవా? మా ఇల్లు యాడుండెనో సూపియ్యి. మా ముసలాయన ఐతారం ఐతారం నన్ను అటు తీస్కపోయి, గదే మనిల్లు అని ఒక దిక్కు సూపిస్తడు. నేను గాదంట, ఇంకో దిక్కంట. ఇద్దరం కొట్లాడుకుంట ఇంటికొస్తం."

"గదెంత పని అవ్వా! ఐదు నిమిషాలు" అన్నాను.

పదకొండు కాకముందే రామగుండంలో దిగాం. కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు ఎటు తిరిగినా వెంటే ఉంటాయి. మే నెల కావడంతో స్టేషన్ బయట అప్పటికే నేల కాలుతోంది. ఖని చౌరస్తాకు షేర్ ఆటోలు దొరుకుతాయి. నేనూ రాజవ్వా ఒకే ఆటో ఎక్కాం. కాలనీ మలుపు దగ్గర దిగుతూ, "పైలం బిడ్డా, ఎవర్నన్న అడిగి పో" అంది. చౌరస్తాలో చాయ్ తాగుతుంటే హోటలాయన కూడా "యాడికి పోవాలె అన్నా?" అని పలకరించాడు. తెలుసులే అన్నట్టు చెయ్యి ఊపాను.

బండ్లబాట షీటులో ఉన్న చోటే దొరికింది. చింతతోపు ఉంది, ఈద్గా గోడ ఉంది. నా ఆనందం చూడాలి! ఈల వేసుకుంటూ నడిచాను. పశువులు తొక్కి పడేసిన ముళ్లకంచె ఒకటి అడ్డం వస్తే దాటేశాను. ఆ తర్వాత షీటులో లేని గుట్ట ఒకటి ఎదురైంది. ఇంత గుట్టను వదిలేసిన సర్వేయరు ఎవడురా, వీడికి జీతం ఎవడిచ్చాడురా అని తిట్టుకుంటూ, చెమటలు కక్కుకుంటూ పైకెక్కాను.

అది గుట్ట కాదు. తవ్విపోసిన మట్టి. దాని అవతల నేలే లేదు.

చూపు ఆనినంత మేర గొయ్యి, మెట్లు మెట్లుగా దిగిపోతూ. అడుగున డంపర్లు చీమల్లా పాకుతున్నాయి. బాట లేదు, వాగు లేదు. నేను బట్టీపట్టిన సగం షీటు అక్కడ లేదు. అంచు నుంచి ఒక అడుగు వెనక్కి వేశాను. అదే క్షణంలో ఎక్కడో సైరన్ మొదలైంది, వెనక నుంచి సీటీ ఆగకుండా మోగింది.

"అరే భాయ్! పానం మీద ఆశ లేదా? బ్లాస్టింగ్ టైము!"

నీలం చొక్కా వేసుకున్న గార్డు పరుగెత్తుకొచ్చి, నా రెక్క పట్టుకుని ఇనుప రేకుల గదిలోకి లాక్కుపోయాడు. పేరు ఖాజా. గోదావరిఖనివాడే. కాసేపటికి కాళ్ల కింద నేల అదిరింది, దుమ్ము లేచి గది చీకటైంది. ఖాజా తన సీసాలోంచి నీళ్లిచ్చాడు.

"ఇటెందుకొచ్చినవ్?"

"నల్లవాగుపల్లె తొవ్వల పోదామని."

"ఆ ఊరా? అంతా డంపర్లకెత్తి తీస్కపోయిండ్రు భాయ్. నువ్వు ఎక్కిన మట్టిల గూడ ఉంటది."

అతని మెడలో సీటీ, అచ్చం మా తలుపు వెనక వేలాడుతున్నదానిలాంటిదే. దాన్ని చూసి నాకు సిగ్గేసింది. ఈ మనిషి గేటు వదిలి పరుగెత్తకపోతే సుజాతకు ఫోన్ చేసి ఏం చెప్పేవాళ్లు?

రాళ్లు పడడం ఆగి మళ్లీ సైరన్ మోగాకే వదిలాడు. మల్లేశానికి ఫోన్ చేస్తే జీపు తెచ్చాడు. గొయ్యి చుట్టూ తిరిగి ఆఫీసు చేరేసరికి ఒకటిన్నర దాటింది. ఇన్‌చార్జి యాభై దాటిన మనిషి, అన్నం డబ్బా చేతిలో పట్టుకుని లేస్తున్నాడు.

"పన్నెండంటే గిప్పుడా? ఆఫీసుకు తొవ్వ దొరకనోడు నాకేం కొలుస్తడు?"

మల్లేశం తల దించుకున్నాడు. సోమవారం, గేటు, నీలం చొక్కా అన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఉన్నదే చెప్పాను.

"పాత షీటు నమ్మి నడిచిన సార్. ఎవర్నీ అడగలే. తప్పు నాదే. ఒక్కసారి మిషన్ నా చేతికియ్యుండ్రి."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "నేను బువ్వ తిని వచ్చేలోపల ఆ గొయ్యిల అట్టడుగు మెట్టు ఎత్తు జెప్పు."

గొయ్యి అంచున ఎత్తు రాసి కట్టిన గుర్తు దిమ్మె మీద మిషన్ నిలబెట్టాను. సైన్యం వదిలాక మొదటిసారి నా చేతులు నిలకడగా ఉన్నాయి. అట్టడుగు మెట్టు మీద కొలత కోసం అద్దం పట్టుకుని నిలబడ్డ సైటు మనిషిని చూశాను, కొలిచాను, లెక్క తేల్చాను. ఇంకా టైముంది. ఈద్గా గోడ నుంచి లెక్క కట్టి, షీటు ప్రకారం నల్లవాగుపల్లె నడిబజారు ఎటు ఉండాలో అటు దుర్భిణి తిప్పాను. ఆ ఊరి పక్కన రాసిన ఎత్తు కూడా నాకు గుర్తుంది. ఆ ఎత్తులో, ఆ దిక్కులో ఉత్త గాలి. చాలా దూరాన అవతలి మట్టిగోడ. నేను ఇన్నేళ్లు మ్యాపుల్లో గుర్తుపెట్టిన ఏ చోటైనా కాలు పెట్టి నిలబడగలిగిన చోటే. మొదటిసారి నాకు నిజంగా భయమేసింది.

ఇన్‌చార్జి వచ్చి, నా లెక్కను మల్లేశం పొద్దున తీసిన లెక్కతో పోల్చి తలూపాడు.

"చెయ్యి మంచిదే. ఒక్కటి యాదుంచుకో. మీ ఫౌజుల నక్ష ఏండ్లకేండ్లు నడుస్తది. ఇక్కడ నెల తిరిగితే పాతదే. ఎంత మట్టి పోయిందో నెల నెల మళ్ల కొలవాలె. మూడు నెలలు చూస్త. సోమవారం వస్తవా?"

"వస్త సార్."

సాయంత్రం బండికి మల్లేశం స్టేషన్లో దింపాడు. ఖని చౌరస్తాలో తిన్న జొన్నరొట్టె, పచ్చిపులుసు కడుపులో చల్లగా ఉన్నాయి. అటు వెళ్లేవాళ్లు అవి తినకుండా రావద్దు. సుజాతకు ఫోన్ చేసి, ఆ అంగీ వాపసు ఇచ్చెయ్ అన్నాను.

"దొరికిందా! పనేంది?"

"నేల ఎంత పోయిందో కొలవాలె."

"కొలిచినంక?"

"వచ్చే నెల మళ్ల కొలవాలె."

"అయితే నీకు సరిపోయిన పనే. కుదురుగ కూసునుడు నీకెట్లాగూ రాదు" అని నవ్వింది. ఆ గొంతులో సంతోషం విని నాకూ సంతోషమేసింది. అయినా కూర్చోలేకపోయాను. జమ్మికుంట దాకా తలుపు దగ్గరే నిలబడ్డాను. రాజవ్వకు మాటిచ్చాను కదా, ఐదు నిమిషాల పని అని! ఇల్లు ఏ దిక్కున ఉండేదో చెప్పగలను. ఆమె, ముసలాయన ఇద్దరూ నా వేలు చూపిన దిక్కే చూస్తారు. అక్కడ చూడ్డానికి ఏముంది? సోమవారం నుంచి అక్కడ ఇంకెంత లేకుండా పోయిందో కొలిచి జీతం తీసుకునేవాణ్ని నేనే. ఆ మాట ఆమెకు ఎవరో చెప్పేకంటే నేనే చెప్పాలి.

మీలో ఎవరైనా ఆ వైపు పోతే జేబులో మ్యాపు పెట్టుకోండి, తప్పులేదు. కానీ చౌరస్తాలో ఆగి అడగండి. బొగ్గు బెల్టులో బాటలు మనుషుల నోళ్లలోనే ఉన్నాయి.

సోమవారం మళ్లీ ఆ పొద్దుటి బండే. కాలనీలో అన్నీ ఒకేలాంటి ఇళ్లట, రాజవ్వ చెప్పింది. ఇంటి నంబరు ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. మలుపు దగ్గర ఆటో దిగి, మొదట కనబడిన మనిషిని ఆపి అడుగుతాను: నల్లవాగుపల్లె రాజవ్వ ఇల్లెక్కడ?