సముద్రమంటే భయం

యుద్ధంలో చనిపోయిన, సముద్రపు ఒడ్డు పల్లె సోనేపూర్ కుర్రాడి జీవితం రాస్తున్న రోజులవి. బరంపురంలో ఆ ఊరి బస్సెక్కి, ఒళ్లో రాతకాగితాల మీద అతని ఫొటో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. చేపలు అమ్ముకుని ఖాళీ బుట్టతో తిరిగెళ్తున్న ఒకావిడ పక్కనుంచి తొంగిచూసింది.

"మా ఈదిలోడే! ఆడి గురించేటి రాసినావు?"

"భయమంటే ఎరగని జాలరి బిడ్డ అని."

చటుక్కున ఫొటో లాక్కుంది. "అబద్దం! సముద్రమంటే బయం ఆడికి. పడవెక్కితే వాంతులు. అందరూ నవ్వుతుంటే మిలట్రీకెల్లిపోనాడు. అది రాయి."

"బాగుండదేమోనమ్మా."

"ఏటి బాగోదు? బయం లేనోడు తుపాకీకెదురు నిలబడితే గొప్పేటి? ఈడు బయపడీవోడు. అయినా నిలబడ్డాడు. రాస్తానంటేనే ఫొటో ఇస్తాను."

రాస్తానన్నాను.

'అతనికి సముద్రమంటే భయం' అన్న వాక్యాన్ని ప్రచురణకర్త కొట్టేశాడు. మళ్లీ రాశాను. మళ్లీ కొట్టేశాడు. ఈసారి దాన్నే పుస్తకానికి మొదటి వాక్యం చేశాను.