మా మరిది విస్తట్లో మందు సీసా

మొన్న హనుమకొండలో చుట్టాల ఇంట ఒక ముసలాయన పోతే, మూడోనాడు పిట్టకు పెట్టడానికి వెళ్లాను. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తట్లో వడ్డించి, కాకి వచ్చి ముట్టేదాకా ఎదురుచూస్తాం కదా. గారెలు, కోడికూర పక్కన ఎవరో మందు సీసా పెట్టి, మూత కూడా తీశారు. ఆయన చివరిదాకా తాగినవాడే, పెట్టుకున్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. మా మరిది విస్తరి గుర్తొచ్చింది.

మా మరిది జంపఖానాలు నేసేవాడు. చెవి మీద బీడీ లేకుండా మగ్గం దగ్గర కూర్చున్నది లేదు, సాయంత్రం మందు లేకుండా ఇల్లు చేరింది లేదు. ఒకసారి దవాఖానలో పడి లేచాక రెండూ మానేశాడు. మానడం కాదు, మానినవాడిగా ఉండడమే కష్టం. నేస్తుంటే చెయ్యి దానంతటదే చెవి దగ్గరికి పోయేది. అక్కడేమీ దొరక్క, చెవి గోక్కుని మళ్లీ పనిలో పడేవాడు. చాయ్ తాగితే బీడీ గుర్తొస్తుందని చాయ్ కూడా వదిలేసి, చలికాలంలో సైతం మజ్జిగే తాగాడు. పెళ్లిళ్లలో మగవాళ్లంతా గిలాసలు పట్టుకుని కూర్చుంటే, ఆయన మా ఆడవాళ్ల మధ్యకొచ్చి పీట వేసుకునేవాడు. "వదినా, ఆ ఎల్లిగడ్డలు ఇటియ్యి. చేతికి పని లేకుంటే మనసు గిలాస మీదికి పోతాంది" అనేవాడు. ఆయన భార్య, అదే మా తోడికోడలి అన్న ఊరుకుంటాడా? "ఏం బావా, చీర గూడ కడతవా?" అని ఇకిలించేవాడు. "మంచిదుంటే తే, కడత. తాగి పడ్డంక నిన్ను ఇంటికి మోసేది చీర కట్టినోళ్లేనాయె" అనేవాడు మా మరిది, వెల్లుల్లి పొట్టు ఊదుకుంటూ.

ఏళ్ల తరబడి అట్లాగే ఉండి, ఒకనాడు గుండె ఆగి పోయాడు. మూడోనాడు విస్తరి పెట్టాం. కాకి రాలేదు. ఎండెక్కింది. అప్పుడు ఆ తోడికోడలి అన్నే ముందుకొచ్చి, "మందు పెట్టకపోతిరి, పిట్ట ఎట్లొస్తది? బావ పానం దాని మీదనే ఉంటది" అని జేబులోంచి సీసా, బీడీ కట్ట తీసి విస్తట్లో పెట్టాడు. ఇంటి దగ్గరి నుంచే తెచ్చుకున్నాడు, చూడండి! పెద్దమనుషులంతా తలలూపారు. ఆ మనిషి ఎన్ని పెళ్లిళ్లలో ఎల్లిగడ్డలు ఒలిచాడో కళ్లారా చూసినవాళ్లే!

మా తోడికోడలు లేచింది. సీసా, కట్ట తీసి అన్న చేతిలో పెట్టింది.

"బతికుండంగ నీ తోని కానిది సచ్చినంక చేస్తానవా అన్నా?"

"గట్లంటవేంది చెల్లె? పిట్ట ముట్టకపోతే ఎట్ల?"

"ముట్టకపోతే ముట్టకపాయె. నా మొగుణ్ణి తాగుబోతును చేసి తోలియ్య."

పెద్దమనుషులు గొణుక్కుంటూ నీడకు పోయారు. ఆమె ఎండలోనే నిలబడింది, నేను పక్కన నిలబడ్డాను. చివరికి ఒక కాకి వచ్చి గారె ఎత్తుకుపోయింది. ఆ సీసా ఏమైందనుకున్నారు? తిరిగొచ్చేటప్పుడు దార్లో ఆగి, బావ పేరు చెప్పుకుని ఆ అన్నా పెద్దమనుషులూ కలిసి తాగారు!

ఇప్పటికీ మా వాడలో మా మరిది మాటెత్తితే "మస్తు తాగేటోడు" అనే అంటారు. తాగిన రోజులు బజార్లో గడిచాయి, అందరూ చూశారు. మానిన ఏళ్లు చప్పుడు లేకుండా ఇంట్లో గడిచాయి. వాటిని దగ్గరి నుంచి చూసినవాళ్లం నేనూ మా తోడికోడలూ మిగిలాం. మేమూ పోతే ఆ ఏళ్లు ఎవరి దగ్గర ఉంటాయో.